కిటికీ సీటులో అహరోను

అహరోను గురించి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పాలి. అది దాచేసి, అతని మంచితనం గురించి నాలుగు మాటలు రాసి తప్పించుకోవచ్చు. కానీ మా ఆస్రా పక్కనే కూర్చుని చదువుతుంది. నా భార్య అబద్ధాన్ని ఊరుకోదు, ముఖ్యంగా నాది.

నా పేరు నదీమ్. మాది నారాయణఖేడ్. 2001 నుంచి పదకొండేళ్లు దుబాయిలో ఏసీ మెకానిక్‌గా చేశాను. ఇప్పుడు మా బస్టాండు దగ్గర ఫ్రిజ్‌లు, కూలర్లు బాగు చేసే దుకాణం పెట్టుకున్నాను. రెండేళ్లకోసారి సెలవు మీద వచ్చి పోయేవాణ్ని కాబట్టి, 2007 నాటికి ఐదుసార్లు విమానమెక్కినవాణ్ని. ఖేడ్ చుట్టుపక్కల ఎవరికి వీసా వచ్చినా మా ఇంటికొచ్చి సలహా అడిగేవాళ్లు. మా అమ్మ రబియా బీ చాయ్ పెట్టేది, నేను పాఠం చెప్పేవాణ్ని. చేతి సంచి ఏడు కిలోలు దాటొద్దు. సీటు పైన సామాను పెట్టుకునే అరలో నీది ఒక్కటే పెట్టు, పక్కవాడి చోటు తినకు. కాళ్ల దగ్గర చిన్నది పెట్టుకో. విమానం ఆగకముందే లేచి నిలబడకు. కోపమొస్తే నీళ్లు తాగు. ఇది ఆర్టీసీ బస్సు కాదు, రుమాలు వేసి సీటు ఆపుకోవడానికి. నేను ఇలా చెప్తుంటే కాబోయే దుబాయి వాళ్లు నోరు తెరుచుకుని వినేవాళ్లు. విమానం మా మామగారిది అన్నట్టు ఉండేది నా వాలకం.

ఇక నేనేం చేశానో వినండి.

ఆ ఏడు దుబాయిలో క్షమాభిక్ష ప్రకటించారు. కంపెనీ వదిలి పారిపోయి, చేతిలో పాస్‌పోర్టు లేకుండా దొరికిన పని చేసుకుంటూ దాక్కుని బతికేవాళ్లని అక్కడ ఖల్లివల్లి అంటారు. గడువులోగా బయటపడితే వాళ్ల మీద కేసు ఉండదు, దాటితే జైలు. పాస్‌పోర్టు లేని వాళ్లకి మన దేశం వాళ్లు అవుట్‌పాస్ అని ఒక కాగితం ఇచ్చేవాళ్లు. దాంతో ఒక్కసారే, ఒక్క వైపే ప్రయాణం. మన జిల్లాల వాళ్లు వందల మంది అలా తిరిగొచ్చారు. ఆ నెలలో హైదరాబాద్ విమానాలన్నీ కిక్కిరిసిపోయాయి. నేను మాత్రం పద్ధతిగా వీసా ఉన్నవాణ్ని, రెండు నెలల సెలవు మీద వస్తున్నవాణ్ని. ఆ గర్వం నెత్తిన నాలుగో సామానులా కూర్చుంది.

నాలుగో సామాను అని ఎందుకన్నానంటే, నా చేతుల్లో అసలు రెండే ఉండాల్సింది, కానీ మూడున్నాయి. భుజానికి ఒక బ్యాగు. జిప్పు సంచిలో ఒక రగ్గు. ఇంకా అట్టపెట్టెలో గాజు పళ్లేలు, గిన్నెల సెట్టు. ఆస్రా ఫోన్లో నాలుగు నెలలుగా అడుగుతున్న సెట్టు అది. కింద సామాన్లో వేస్తే పగులుతుందని చంటిపిల్లలా ఎత్తుకొచ్చాను. అందరికంటే ముందు ఎక్కి, మా వరస మీది అర మొత్తం ఆ మూడింటితో నింపేశాను. నింపి, నా నడిమి సీట్లో చేతులు కట్టుకుని కూర్చున్నాను.

అప్పుడొచ్చాడు అతను. నలభై దాటిన మనిషి. నల్లగా, ఎండిన మోదుగ కట్టెలా ఉన్నాడు. ఒక చేతిలో ఉబ్బిన రెగ్జిన్ సంచి, ఇంకో చేతిలో పసుప్పచ్చ హెల్మెట్, కట్టడాల దగ్గర కూలీలు పెట్టుకునేది. అతనిది కిటికీ సీటు. అర తెరిచి చూశాడు, నా వైపు చూశాడు.

"భాయ్, జర జగా దేవ్," అన్నాడు హిందీలో.

"జగా లేదు. కింద పెట్టుకో," అన్నాను నేనూ హిందీలోనే.

అతను నా రగ్గుని కొంచెం పక్కకి నెట్టబోయాడు. అట్టపెట్టె కదిలింది. నాకు ఒళ్లు మండింది. ఒక్కసారిగా లేచి అతని చెయ్యి తోసేశాను. పనికిమాలిన టోపీ ఒకటి పట్టుకుని విమానమెక్కావా, దేశంలో దొరకదా అది, అని అరిచాను. అతనూ అరిచాడు. వెనకవాళ్లు నవ్వారు. చోటు లేదు కదా అని అతను హెల్మెట్ తలకి పెట్టుకునేసరికి ఆ నవ్వు ముందు వరసల దాకా పాకింది.

విమానం పిల్ల వచ్చింది. నీలం బట్టలు, అలిసిపోయిన మొహం. ఇద్దరివీ టిక్కెట్ ముక్కలు అడిగి చూసి, హిందీలో నిమ్మళంగానే చెప్పింది. "ఇంకొక్కసారి ఇక్కడ గొంతు లేస్తే ఇద్దర్నీ దింపేస్తాం. పైలట్‌కి చెప్తున్నాను." అతని సంచి, హెల్మెట్ రెండూ ముందు సీటు కింద తోయించింది. పట్టలేదు. కాలితో నొక్కితే సగం పట్టింది. మిగతా సగం అతని పిక్కలకీ సీటుకీ మధ్య ఇరుక్కుపోయింది. అతను మోకాళ్లు పైకి ముడుచుకుని కిటికీకి అతుక్కుపోయాడు. నాకు ఇటు పక్క, దారి వైపు సీట్లో ఒక భారీ మనిషి కూర్చోగానే నిద్రపోయాడు. నేను గెలిచానని అనుకున్నాను. కిటికీ సీటు దొరికినవాడికి మళ్లీ సామానుకి చోటు కూడానా, అని గొణుక్కున్నాను.

తలుపు మూశారు. విమానం మాత్రం కదల్లేదు.

ఎవరో ఇద్దరు సామాను ఇచ్చి ఎక్కలేదట. వాళ్ల పెట్టెలు వెతికి కిందికి దించుతున్నారట. అరగంట గడిచింది. ముప్పావు గంట. పొద్దున పది గంటల దుబాయి ఎండ ఆ రేకు గొట్టం మీద పడుతోంది. ఏసీ మెకానిక్‌ని కదా, తల మీద గాలి వచ్చే బొడిపె దగ్గర చెయ్యి పెట్టి చూశాను. చల్లదనం లేదు. రెండొందల మంది వదిలిన గాలే మళ్లీ తిరిగొస్తోంది. పిల్లలు ఏడుస్తున్నారు. అత్తరు, చెమట, ఎవరో తెరిచిన పచ్చడి సీసా వాసన. ఏడుపులన్నిటి నడుమ నాకు ఇంకో చప్పుడు వినపడింది. నా పక్కనే. కుక్క ఎండలో పరుగెత్తి వచ్చి ఎగపోసినట్టు.

కిటికీ మనిషి చొక్కా గుండీలు మూడు విప్పుకున్నాడు. మొహం బూడిద రంగుకి తిరిగింది. చెమట ధారగా కారుతోంది. రెండు చేతులతో తన మోకాళ్లని పైకి లాగుతున్నాడు, అవేవో వేరే వాళ్ల కాళ్లన్నట్టు.

"ఏమైంది?" అన్నాను విసుగ్గా.

అతను లేవబోయాడు. తల పైన తగిలింది. కాళ్లు రాలేదు. మళ్లీ కూలబడ్డాడు. జేబులోంచి ఒక మడత కాగితం తీసి, వంగి హెల్మెట్ పీకి, రెండూ నా ఒళ్లో పెట్టాడు. ఈసారి హిందీలో కాదు, తెలుగులో మాట్లాడాడు. తనలో తాను మాట్లాడుకున్నట్టు.

"నేను దిగుత. నాతోని కాదు. గీ టోపి కంగ్టిల బాలకిషన్‌కు ఇయ్యున్రి ఎవలన్న. మా ఇంటామె హన్నమ్మకు గీ కాయితం జూపియ్యున్రి. రావాలని వచ్చిన, రాలేకపోయిన అని చెప్పున్రి."

కంగ్టి.  మా ఖేడ్ నుంచి బస్సులో గంట దూరం. గంట కింద నేను పరాయివాడనుకుని హిందీలో తిట్టిన మనిషి మా పక్క మండలం వాడు. కాగితం విప్పాను. అవుట్‌పాస్. ఫొటో, పేరు అహరోను, ఊరు, మెదక్ జిల్లా. దానికి పిన్ను కొట్టిన ఇంకో కాగితం మీద తారీఖు. దేశం విడిచి వెళ్లడానికి ఇచ్చిన గడువు ఆ రోజే ఆఖరు.

"ఏయ్, నీకేమన్న పిచ్చా?" అన్నాను. "దిగితే జైలు. ఇయ్యాల్నే ఆఖరు తారీఖు, ఎరుకేనా?"

"ఎర్కే," అన్నాడు. "జేల్ల కిటికీ ఉంటది. కాళ్లు సాపుకోవచ్చు. తలుపు తియ్యిమను భాయ్, నీ కాళ్లు మొక్కుత. లేకుంటె ఒర్రుత."

అతను అరిస్తే అంతే సంగతి. ఆ పిల్ల చెప్పనే చెప్పింది. నిజం ఒప్పుకోవాలి, నాకు ముందు వచ్చిన ఆలోచన అతని గురించి కాదు. ఇద్దర్నీ దింపేస్తానంది కదా, నా సెలవు పోతుందే అని. రెండో ఆలోచన అతని కాళ్ల మీదికి పోయింది. సంచి కింద, సీటు కింద, మోకాళ్ల దాకా కూరుకుపోయిన కాళ్లు. వాటిని అక్కడ కుక్కింది నేను. నా రగ్గేమో పై అరలో కాళ్లు చాపుకుని పడుకుంది.

సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

బెల్లు నొక్కాను. ఆ పిల్ల వచ్చేలోపు నిద్రపోతున్న భారీ మనిషి మీదుగా దూకి, అర తెరిచి, అట్టపెట్టె, రగ్గు కిందికి లాగాను. ఆమె పరుగెత్తుకొచ్చింది. "ఈ రెండూ నావి. ఎక్కడన్నా పడెయ్యండి. కింద సామాన్లో వేసినా సరే," అన్నాను.

ఆమె పెట్టె మీద గాజు గ్లాసు బొమ్మ చూసింది. "ఇది పగులుతుంది."

"పగలనియ్యండి."

ఆమె నన్ను వదిలి అహరోను మొహంలోకి చూసింది. "ఈయనకి ఒంట్లో బాగాలేదా? బాగాలేకపోతే తీసుకెళ్లలేం. దిగిపోవాలి."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అహరోను నోరు తెరిచాడు. నేను అతని తొడ మీద గట్టిగా గిల్లాను. ఆ గిల్లుడికి నేనెప్పుడూ క్షమాపణ అడగలేదు, అడగను కూడా.

"ఏం లేదు. కాళ్లు పట్టలేదంతే. తప్పు నాది, చోటంతా నేనే తిన్నాను," అన్నాను.

ఆమె ఇంకో క్షణం చూసింది. వెనక ఎవరో పిల్లవాడు వాంతి చేసుకున్నాడు. ఆ వాంతి దేవుడు పంపిందే. ఆమె పెట్టె, రగ్గు తీసుకుని అటు పోయింది. నేను అతని సంచిని పీకి పైన పెట్టాను. హెల్మెట్ దాని పక్కన. అహరోను కాళ్లు నెమ్మదిగా చాపాడు. మడమలు నేలకి తగలగానే అతని కళ్లలోంచి నీళ్లు కారాయి. తుడుచుకోలేదు.

"కిటికీ నాకిచ్చి నువ్వు ఇటు కూచుంటవా?" అని అడిగాను.

"వద్దు భాయ్. వెలుతురు కనవడాలె," అన్నాడు.

అప్పుడు చెప్పాడు, ముక్కలు ముక్కలుగా. అతను బావుల్లో పూడిక తీసే కూలి. తండ్రి కూడా అదే పని. 2003 ఎండాకాలంలో కరువు. కంగ్టి దగ్గర ఒక రైతు బావిలో నీళ్లు అడుగంటితే ఇంకా లోతు తీయడానికి దిగారు. ఆరు మట్ల లోతు, ఆరు నిలువులంత. అహరోను కింద, బాలకిషన్ పైన మోకు పట్టుకుని. పొద్దున తొమ్మిదింటికి ఒక పక్క మన్ను కూలింది. రొమ్ముల దాకా కప్పేసింది. తవ్వి తీద్దామంటే పైన మిగిలిన ఒడ్డు కదిలితే మొత్తం మీద పడుతుంది. కట్టెలు తెచ్చి, ఒడ్డుకి ఆపులు పెట్టి, మనుషుల్ని దించి తీసేసరికి మధ్యాహ్నం మూడైంది.

"ఆరు గంటలు ఎట్ల ఉన్నవ్?" అన్నాను.

"బాలకిషన్ పిలిచిండు."

పూడిక పనిలో అదొక పద్ధతి. పైనున్నవాడు కాసేపటికొకసారి కిందవాణ్ని పిలవాలి. కిందవాడు 'ఉన్న' అనాలి. రెండు పిలుపులకి జవాబు రాకపోతే పనంతా ఆపి ఎవరో ఒకరు దిగాలి. పిలిచే మనిషి ఆ కాసేపూ ఇంకో పని చేయకూడదు, బీడీ కాల్చకూడదు, నీళ్లు కూడా తాగకూడదు. ఇంకో మాట కూడా చెప్పాడు. బావిలోకి పిలిచేటప్పుడు వరసలు ఉండవు. బాలకిషన్ బయట అతన్ని 'అన్నా' అంటాడు. బావి అంచు మీద మాత్రం 'అహరోనూ' అంటాడు.

"అన్న అంటె ఎవలనన్న కావచ్చు," అన్నాడు అహరోను. "మన్ను నోట్లకు వచ్చినప్పుడు, నన్నే పిలుస్తుండని ఎర్క కావాలె గద."

ఆ రోజు నుంచి అతను బావిలోకి దిగలేకపోయాడు. పని లేక ఏజెంటుని పట్టుకుని 2004లో దుబాయి వెళ్లాడు. అప్పటి విమానం సగం ఖాళీ, మూడు సీట్లలో ఒక్కడే పడుకుని పోయాడట. ఏడాది కట్టడాల మీద మోశాడు. తర్వాత కంపెనీ అతన్ని భూమి లోపలి నీళ్ల ట్యాంకులు కడిగే పనికి మార్చింది. మూత తీసి నిచ్చెన మీద దిగాలి. దిగనన్నాడు. దిగకపోతే జీతం లేదన్నారు. తల మీదున్న హెల్మెట్‌తోనే గేటు దాటి వచ్చేశాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది. రెండేళ్లు పది మంది పడుకునే గదుల్లో, గుమ్మం దగ్గర చాప వేసుకుని బతికాడు. పోలీసులు వస్తే మొదట దొరికేది గుమ్మం దగ్గర పడుకున్నవాడే. అయినా లోపలికి జరగలేదు.

"హెల్మెట్ ఎందుకు మోసుకొస్తున్నవ్ మరి?"

"బాలకిషన్ ఇంకా దిగుతుండు గద," అన్నాడు. నాకు అర్థం కానందుకు ఆశ్చర్యపోయినట్టు చూశాడు.

ఇంజను మోగింది. విమానం కదిలింది. కదలగానే అహరోను మళ్లీ కుర్చీ చేతుల్ని పట్టుకున్నాడు. మెడ నరాలు తేలాయి. ఇక ఇప్పుడు తలుపు తియ్యమన్నా తియ్యరని అతనికి తెలిసిపోయింది. నాకూ తెలిసింది. ఇంకా మూడున్నర గంటలు. మధ్యలో అరిస్తే ఏం చేస్తారో నాకు తెలియదు. చేతులు కట్టేస్తారని విన్నాను.

నేను గొంతు సవరించుకున్నాను. నాకంటే పదేళ్లు పెద్దవాడు. ఉత్త పేరు పెట్టి పిలవడానికి నోరు రాలేదు. మా అమ్మ వింటే చెంప పగలగొట్టేది.

"అహరోను," అన్నాను మెల్లగా.

అతను తల తిప్పలేదు. కళ్లు మూసుకునే ఉన్నాడు. "గట్టిగ," అన్నాడు.

"అహరోనూ!"

ముందు వరసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు.

"ఉన్న," అన్నాడు అహరోను.

ఇక అలా సాగింది మా ప్రయాణం. ఐదు నిమిషాలకొకసారి. గడియారం చూసుకుంటూ పిలిచేవాణ్ని. ముందు వరస వాడు "ఏం భాయ్, పక్కనే ఉన్నాడు గదా," అని ఎగతాళి చేశాడు. నాకు ఒంటికాలి మీద లేవాలనిపించింది, మింగేశాను. జీవితంలో మొదటిసారి విమానంలో కోపం మింగాను. మధ్యలో అన్నం వచ్చింది, చాయ్ వచ్చింది. నాది మూత కూడా తీయకుండా వెనక్కి పంపాను. అహరోను అది చూశాడు. ఆ తర్వాత కుర్చీ చేతుల మీద అతని పట్టు కొంచెం సడలింది.

రెండు గంటల తర్వాత నేనొక పాడు పని చేశాను. నిద్రపోయాను. ఉలిక్కిపడి లేచేసరికి ఇరవై నిమిషాలు దాటింది. అతను నా చొక్కా చేతిని గుప్పిట్లో పట్టుకుని ఉన్నాడు. ఆ గుడ్డ మొత్తం తడిసిపోయింది. పెదవి కొరుక్కున్నాడు, రక్తం కనిపిస్తోంది.

"అహరోనూ!" అని అరిచాను.

"ఉన్న," అన్నాడు. "నిద్రవట్టిందా భాయ్? లేపుదామనుకున్న. మొకం జూస్తె లేపబుద్ది కాలే."

నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయడానికి కుదరదు. ఆ తర్వాత రెప్ప వేయలేదు.

బేగంపేటలో దిగింది విమానం. చక్రాలు నేలకి తగలగానే సగం మంది లేచి అరలు తెరిచారు. దారి నిండా మనుషులు, మనుషుల మీద సంచులు. మామూలుగా అయితే ఆ గుంపులో మొదటి మోచెయ్యి నాది. ఆ రోజు కూర్చునే ఉన్నాను. "అందర్ని పోనియ్యి. ఖాళీ అయినంక లేద్దాం. అహరోనూ," అన్నాను. "ఉన్న," అన్నాడు. కిటికీలోంచి మన మబ్బుని చూస్తున్నాడు. చివరికి విమానంలో మేమిద్దరం, చీపుళ్లు పట్టుకున్న వాళ్లు మిగిలాం. నీలం బట్టల పిల్ల తలుపు దగ్గర నిలబడి అహరోనుకి నమస్తే పెట్టింది. ఆమెకి అంతా తెలుసునేమో అని నాకిప్పటికీ అనుమానం.

ఇక గండం గడిచిందనుకున్నాను. గడవలేదు. పాస్‌పోర్టులు చూసే చోట అవుట్‌పాస్ వాళ్లని పక్కకి పిలిచారు. ముప్పై మందిని ఒక గదిలోకి పంపారు. విచారణ చేస్తారట, ఎంతసేపో తెలియదట. అహరోను గుమ్మంలో ఆగి లోపలికి చూశాడు. కిటికీ లేదు. నా వైపు చూశాడు. వెనక నుంచి ఎవరో తోశారు. తలుపు మూసుకుంది.

నన్ను బయటికి పంపేశారు. సామాను తీసుకున్నాను. అట్టపెట్టె ఎత్తితే లోపల గలగలమంది. బయట కటకటాల దగ్గర అమ్మ, ఆస్రా, మాట్లాడుకొచ్చిన జీపు. ఆస్రా పచ్చ దుపట్టా వేసుకుంది. రెండేళ్ల తర్వాత చూస్తున్నాను. పరుగెత్తుకెళ్లి చెప్పిన మొదటి మాట, "ఆగాలె. ఇంకో మనిషి రావాలె."

"ఎవరు?"

"తెల్వది. అంటే, కంగ్టి ఆయన. పొద్దున కొట్లాడిన."

మా అమ్మ నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమో అని. ఆస్రా అట్టపెట్టె ఊపి చూసి, మూతి ముడుచుకుని, నీళ్ల సీసా ఇచ్చింది. వద్దన్నాను. ఎందుకు వద్దని అడిగింది. చెప్తే అర్థమవుతుందో లేదోనని చెప్పలేదు. అప్పుడు మా ఆవిడకి నిజంగా కోపమొచ్చింది. రెండేళ్లకి వచ్చినవాడు తనవైపు చూడకుండా గాజు తలుపు వైపు చూస్తూ నిలబడితే ఎవరికి రాదు?

గాజు తలుపు తెరుచుకున్నప్పుడల్లా, కటకటాల మీద వంగి అరిచాను. "అహరోనూ!" తలుపు మూసుకునేది. ఇంకెవరో తోపుడు బండితో వచ్చేవాళ్లు. తెరుచుకునేది. "అహరోనూ!" జవాబు లేదు. రెండు పిలుపులు దాటాయి, పది దాటాయి. ఎవరో ఒకరు దిగాలి కదా, కానీ నన్ను లోపలికి రానివ్వరు. తుపాకీ జవాను వచ్చి, "క్యా చిల్లారే హో?" ఎందుకా అరుపులు, అని గద్దించాడు. మా వాడు లోపల ఉన్నాడన్నాను. మావాడు అనే మాట ఎలా వచ్చిందో, వచ్చేసింది. గంటన్నర గడిచింది. నా గొంతు బొంగురుపోయింది. ఈ గోల అంతా చూసి అమ్మ జీపు దిగి వచ్చి నా పక్కన నిలబడింది. సంగతి రెండు ముక్కల్లో చెప్పాను.  తలుపు తెరుచుకోగానే అమ్మే పిలిచింది, దఖ్ఖనీ యాసలో, నా కంటే గట్టిగా.

"అహ్రోన్!"

"ఉన్న!"

లోపలి నుంచే వచ్చింది ఆ మాట, మనిషి కంటే ముందు. తర్వాత పసుప్పచ్చ హెల్మెట్ కనిపించింది, జనం తలల మీదుగా. రెండు చేతులతో సంచి పట్టుకున్నాడు కాబట్టి తలకి పెట్టుకున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొట్టేవాణ్ని. ఆస్రా నా చేతిలో నీళ్ల సీసా పెట్టింది. గటగటా తాగాను. మిగిలిన సగం అతను తాగాడు.

జీపులో అతను ముందుకి రాలేదు. వెనక తెరిచిన చోట, కాళ్లు బయటికి వేలాడేసి కూర్చున్నాడు. సంగారెడ్డి దాటే దాకా అలాగే ఉన్నాడు. హన్నమ్మకి అతను వచ్చే రోజు తెలియదట. ముందే చెప్పి రాలేకపోతే ఎట్ల, అందుకే చెప్పలేదన్నాడు.

అతను మళ్లీ గల్ఫుకి పోలేదు, బావిలోకీ దిగలేదు. బావి అంచు మీద కూర్చుని మోకు పట్టుకునే పని చేశాడు. కింద బాలకిషన్, తల మీద పసుప్పచ్చ హెల్మెట్. ఆ సెలవులో ఒకసారి కల్హేర్ వైపు వెళ్తూ చూశాను. పక్కన చెంబులో నీళ్లున్నాయి. మిట్టమధ్యాహ్నం ఎండ. అతను ముట్టుకోలేదు. నన్ను చూసి తల ఊపాడే గానీ పలకరించలేదు. పని మీద ఉన్నాడు.

నేను తిరిగి వెళ్లే ముందు అంగడి రోజున మా ఇంటికొచ్చాడు. అప్పటికి నా చుట్టూ ఇద్దరు కొత్త కుర్రాళ్లు కూర్చుని సలహాలు వింటున్నారు. చేతి సంచి ఒక్కటే తీసుకుపో, అని చెప్తున్నాను, ఈసారి నిజంగా. అహరోను అరుగు మీద కూర్చుని చాయ్ తాగి, ఒక్కటే అడిగాడు.

"నీ ఇమానం తలుపు ఎన్నింటికి ఏస్తరు భాయ్?"

"పన్నెండున్నర అనుకుంట. ఎందుకు?"

"ఊరికెనే," అని లేచి వెళ్లిపోయాడు.

జనవరిలో బయల్దేరాను. ఆరుసార్లు ఎక్కినవాణ్ని, ఏడోసారి. మళ్లీ నడిమి సీటే. కాళ్ల దగ్గర ఏమీ పెట్టుకోలేదు. తలుపు మూసే చప్పుడు వినపడింది. అప్పుడు నాకు తెలిసింది, ఆ చప్పుడంటే నాకెప్పుడూ భయమేనని. సలహాలు చెప్పి, చోటు కోసం కొట్లాడి, ఇన్నేళ్లు దాన్ని దాచుకున్నాను. ఇక రెండేళ్లు. ఎనిమిది మంది గది, నా మంచం గోడ వైపు. ఆస్రా పచ్చ దుపట్టా కటకటాల అవతల ఉండిపోయింది. ఊపిరి సగంలోనే ఆగుతోంది. గుండీ విప్పుకున్నాను. పక్కవాడు చూస్తున్నాడు.

జేబులో ఫోను మోగింది. ఖేడ్ కోడుతో ఏదో రూపాయి డబ్బా ఫోను నంబరు. చెవి దగ్గర పెట్టుకున్నాను. వెనక బస్టాండు గోల, కండక్టరు కంగ్టి, కంగ్టి అని అరుస్తున్నాడు. దాని మీదుగా వచ్చింది అతని గొంతు. భాయ్ లేదు, ఏమీ లేదు.

"నదీమ్!"

విమానం పిల్ల ఫోను ఆపమని చెయ్యి చూపిస్తోంది.  రెండోసారి పిలిచాడు. రెండో పిలుపుకి జవాబు ఇవ్వాలి.

"ఉన్న," అన్నాను.